వెలయు విలువయు: కోరి చేయించుకొన్న తుపాకుల చరిత్రము

తెలుఁగుభాషలో "వెల" యనియు "విలువ" యనియు రెండు పదములు గలవు. కొనుట యను నర్థముగల "విలుచు" ధాతువుతో రెండును జుట్టఱికము గలవియే. తమిళమునందలి "విలై", కన్నడమునందలి "బెలె" వీని తోఁబుట్టువులు. పుట్టుకచే నొక కుదుటివే యైనను వ్యవహారమున నివి వేఱుపడినవి. ఒక వస్తువును "వెలలేనిది" యన్నచో నది మిక్కిలి గొప్పదని యర్థము. దానినే "విలువలేనిది" యన్నచో నేఁటి వాడుకలోఁ బనికిమాలినదని యర్థము. వెల యనునది యమ్మువాఁడును గొనువాఁడును మాటాడి నిర్ణయించుకొను మొత్తము. దానిని నిర్ణయింప శక్యము గాకపోవుట వస్తువునకు గౌరవము. విలువ యనునది వస్తువు చేయఁగల పనిని బట్టి యుండునది. అది లేకపోవుట వస్తువునకు నాశము. పారసీకమునుండి వచ్చిన "ఖరీదు" పదమునకుఁ గొనుటయే మూలార్థము గావున నది వెలపక్షముననే నిలిచినది.

సంస్కృతమున "మూల్య" శబ్దమొక్కటియే యీ రెండర్థములను దనలో నిముడ్చుకొన్నది. పాణిని యష్టాధ్యాయి చతుర్థాధ్యాయ చతుర్థపాదమున "మూల" శబ్దముమీఁద యత్ప్రత్యయమును విధించుచు రెండర్థములను జెప్పెను; కాశికాకారులు వానిని వివరించిరి. వస్త్రాదులను బుట్టించుటకైన వ్యయము మూలము. ఆ వ్యయమును మించి లాభముతోఁ గూడి చేతికి వచ్చునది మూల్యము. ఇది యమ్మువాని చూపు. పెట్టిన వ్యయమునకు సమానమైన ఫలము నిచ్చు వస్తువును మూల్యమే. ఇది కొనువాని చూపు. మొదటిదానిని వెల యనియు రెండవదానిని విలువ యనియుఁ దెలుఁగు చేసికొనవచ్చును.

ఈ రెండును సరిపడినచోట వర్తకము ధర్మముగా సాగును; సరిపడనిచోట నొకరు నష్టపడుదురు. ఒక్కని కొలఁతకును, ఒక్కని యవసరమునకును గోరి చేయించుకొను తుపాకియందు వీని నడిమి యెడము మిక్కిలి స్పష్టముగాఁ గానవచ్చును. అట్టిదానికి సంతవెల యుండదు. పోల్చి చూచుటకు రెండవ వస్తువు దొరకదు. గొట్టము లోపలి దోషము కంటఁబడదు. బయటఁబడునాఁటికిఁ గొన్నవాని ప్రాణమే పణముగా నుండును. అందుచేతఁ దుపాకి చరిత్రము శిల్పి చరిత్రము మాత్రమే కాదు, కొనువాని చరిత్రము గూడ నగుచున్నది.

హిందూదేశమున నట్టి కొనువారిలో మొదట లెక్కింపఁదగినవాఁడు మొగలు చక్రవర్తి యక్బరు. అబుల్ ఫజలు రచించిన "ఆయినీ అక్బరీ"లోఁ దుపాకుల నిర్మాణమునుగూర్చి ప్రత్యేక ప్రకరణము గలదు. అంతకుముందు ఇనుప రేకును జుట్టి, రెండంచులను జేర్చి యతికి గొట్టము చేయు వాడుక యుండెను. అతుకు బలహీనమగుటచే మందు వేగమునకు గొట్టము పగిలి, కాల్చువానికే యపాయము గలుగుచుండెను. చక్రవర్తి కర్మశాలలో రేకును ఏటవాలుగా మెలివెట్టి, చుట్టుమీఁదఁ జుట్టు వచ్చునట్లు త్రిప్పి, యంచుమీఁద నంచు నతుకు పద్ధతి వచ్చెను. గొట్టము సిద్ధమైన పిమ్మట దాని మూఁడవవంతువఱకు మందు కూరి కాల్చి చూచెడివారు. అది పగులక నిలిచిననే తక్కిన పని సాగెడిది. గొట్టము లోపల నునుపు చేయుట కెద్దు త్రిప్పు చక్రమొకటి యుండెను. ఈ తుపాకులు చాళ్లు లేని నున్నని గొట్టముల తుపాకులు. గొట్టములోఁ జాళ్లు తీయు విద్య పదునాఱవ శతాబ్దినాఁటికే జర్మను నగరములలో నుండెనుగాని యీ దేశపుఁ గర్మశాలలలో నప్పటికి రాలేదు.

ఆ ప్రకరణమున మిక్కిలి గమనింపఁదగిన విషయమింకొకటి గలదు. పరీక్షలో నెగ్గిన ప్రతి తుపాకిమీఁదను ముడి యినుము తూనిక, పని ముగిసిన తరువాతి తూనిక, ఇనుము వచ్చిన చోటు, పనివాని పేరు, చేసిన స్థలము, తేది, వరుససంఖ్య చెక్కింపఁబడెడివి. వెల యందుఁ జెక్కఁబడలేదు. చెక్కఁబడినవన్నియు విలువకుఁ గారణములు. ముడి యినుమునకును బని ముగిసిన యినుమునకును గల తూనిక భేదమును జూచినచో నెంత మైల కాల్చి తీసివేయఁబడినదో తెలియును. పనివాని పేరును జూచినచో దోషమున కుత్తరవాది యెవ్వఁడో తెలియును. కంటికి గానరాని గుణమును గంటికిఁ గనఁబఱచుటకుఁ గొనువాఁడు చేసిన యేర్పాటిది. అక్బరు స్వయముగాఁ గాల్చి చూచి యేర్చుకొన్నవి ఖాసా తుపాకులు. అందు మొదటిది "సంగ్రామ" మను పేరుగలది. 1568లోఁ జిత్తోడుకోట ముట్టడియందుఁ గోటను రక్షించుచుండిన జయమల్లుఁ డీ తుపాకి దెబ్బకే కూలెనని యబుల్ ఫజలు వ్రాసెను. దానితోఁ జంపఁబడిన మృగముల లెక్క 1019 అనియు వ్రాయఁబడియున్నది. ఒక యాయుధమునకుఁ బేరును దినచర్యయుఁ గల్పించి దాని పనిని లెక్కవ్రాయించిన కొనువానికి, అతఁ డిచ్చిన వెల యెంతయో గాని, విలువ యెంతయో తెలిసియే యుండెను.

ఇనుము వచ్చిన చోటును దుపాకిమీఁదఁ జెక్కించుట వ్యర్థాడంబరము గాదు. లోహము మంచిచెడ్డలు పుట్టినచోటను బట్టియు, కరఁగించిన చేతిని బట్టియు నుండును. దీనికిఁ దెలుఁగుదేశముననే గొప్ప నిదర్శనము గలదు. నేఁటి తెలంగాణ రాష్ట్రమున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము మూసయుక్కునకుఁ బ్రసిద్ధికెక్కిన గ్రామము. ఇచ్చటి యుక్కు తుపాకి గొట్టములకుఁ గాక ముఖ్యముగాఁ గత్తులకుఁ బనికివచ్చినది. అయినను లోహమును గొనువాఁడెట్లు కొనవలయునో తెలిసికొనుటకు దీనిని మించిన యుదాహరణము లేదు. గోలకొండ రాజ్యమునుండి వచ్చిన యుక్కుతోనే నీరువాఱిన రేఖలుగల కత్తులు చేయుదురని పదునేడవ శతాబ్దిలోఁ బరాసుయాత్రికుఁడు తావెర్నియే వ్రాసెను. యూరోపీయ శాస్త్రజ్ఞులు దీనిని "వూట్జు" అని పిలిచిరి. ఆ పదము "ఉక్కు" శబ్దమునకు వికృతరూపమని భాషావేత్తల యభిప్రాయము. 1795లో జార్జి పియర్సను లండను రాయల్ సొసైటీకి దీనినిగూర్చి పరిశోధనపత్రము సమర్పించెను. మైకేలు ఫారడే సైతము 1819 మొదలుగాఁ గొన్నియేం డ్లీ యుక్కు రహస్యమును బరిశోధించెను.

భూమికొలఁత శాఖలో వైద్యుఁడును భూగర్భశాస్త్రజ్ఞుఁడునై యుండిన హెన్రీ వాయ్సీ కోనసముద్రపుఁ గొలుములను గన్నులారఁ జూచి వ్రాసికొన్నాఁడు. అతఁడు 1824లో మరణింపఁగా, ఆ వ్రాఁత 1832లోఁ గలకత్తాలోని యాసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. రెండు వేర్వేఱు చోటుల యినుమును నియతమైన పాళ్లలోఁ గలిపి, మూసలలోఁ బెట్టి, యొక యహోరాత్రము తిత్తులు విడువక యూఁది కరఁగించెడివారు. పిదప నా ముద్దలకు మన్ను పూసి మరల మరలఁ గాఁచి మెత్తఁబఱిచెడివారు. ఆ యుక్కును గొనుటకుఁ బారసీకమందలి యిస్పహాననుండి వచ్చిన హాజీ హుసేను అను వర్తకుఁ డప్పుడచ్చట నుండెను. అతఁడు ధరను మాటాడి సరకు తీసికొని పోయినవాఁడు కాఁడు. ఇనుపపాళ్లను తూఁచుచోటఁ దాను నిలిచెడివాఁడు; తయారైన యుక్కు గట్టిదనమును దానే పరీక్షించెడివాఁడు. తమదేశమున నీ యుక్కును జేయఁబూని పారసీకులు విఫలులైరని యాతఁడు చెప్పినట్లు వాయ్సీ వ్రాసినాఁడు. సముద్రముదాఁటి వచ్చి కొలిమి ప్రక్కను గూర్చుండిన వర్తకుఁడు కొనినది యుక్కుముద్దను మాత్రమే కాదు. దాని పుట్టుకను గన్నులఁ జూచిన నమ్మకమును గూడ.

అట్టి కొనువారు తగ్గిపోవుటతోఁ గొలుములకు గ్రహణము పట్టెను. యంత్రములతో రాసులుగాఁ జేయఁబడిన విదేశపు టుక్కు తక్కువ వెలకు వచ్చెను. అడవులనుండి బొగ్గు తెచ్చుట కష్టమాయెను. పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి మూసయుక్కు పరిశ్రమ యడుగంటెను. నేఁ డా ప్రాంతపు దిబ్బలలోఁ జిట్టెమును మూసల తునుకలును మాత్రము మిగిలియున్నవి. వెలలో నోడిపోయిన వస్తువు విలువలోఁ గూడ నోడిపోయినదని చెప్పుటకు వీలులేదు. విలువను దూఁచువాఁడు సంతనుండి తప్పుకొన్నాఁడు; మిగిలిన త్రాసు వెల యొక్కటియే.

తుపాకిశిల్పికి నిట్టి గతి లండను నగరముననే పట్టెను. జోసెఫ్ మాంటను (1766-1835) తన కాలమునఁ దుపాకి చేయువారిలో నగ్రగణ్యుఁడు. పర్డీ, లాంకాస్టరు మొదలైన తరువాతి ప్రసిద్ధ శిల్పు లాతని కర్మశాలలోఁ బనిచేసి తేఱినవారే. ఆతని తుపాకి కొనుటకు ధనికులు తహతహలాడెడివారు. అయినను వ్యాజ్యములును బ్రభుత్వముతోడి తగవులును జుట్టుముట్టఁగా 1826లో నాతఁడు దివాలా తీసెను. ఆతనిచేతి తుపాకు లిప్పుడు వేలములలో నధికమైన వెలలకుఁ బోవుచున్నవి. చేసిన వాఁ డనుభవింపని వెల యది. ఆతనియొద్ద నేర్చినవారి చేతులలో శిల్పము బ్రదికెను. అదియే యాతఁడు విడిచిన విలువ.

చాళ్ల తుపాకి, అనఁగా రైఫిలు, విషయమున వెలవిలువల వ్యాజ్యము బహిరంగముగా జరిగినది 1857లో. మాంచెస్టరునందలి జోసెఫ్ విట్‌వర్తు యంత్రశిల్పములో సూక్ష్మమైన కొలఁతలకుఁ బేరుపడినవాఁడు. క్రీమియా యుద్ధకాలమున సేనకై తుపాకులు చేయు యంత్రములు కల్పింపుమని బ్రిటిషు ప్రభుత్వమాతనిఁ గోరఁగా, యంత్రముకంటె ముందు తుపాకి సంగతి తేలవలెనని యాతఁడు బదులు చెప్పెను. తన యింటి తోఁటలో 500 గజముల పొడవున గాలి చొరని శాల కట్టించి, గుండు గమనమును బరీక్షించెను. సేనలోని యెన్‌ఫీల్డు తుపాకి రంధ్రము .577 అంగుళము, దాని చాళ్లు 78 అంగుళములకు నొక్క చుట్టు తిరుగును. విట్‌వర్తు రంధ్రమును .451 అంగుళమునకుఁ దగ్గించి, ఆఱు మూలలు గలదానినిగాఁ జేసి, 20 అంగుళములకే యొక చుట్టు తిరుగునట్లు చేసెను. 1857లో హైతు నగరమున రెండింటిని బరీక్షించిరి. 500 గజముల యొద్ద నెన్‌ఫీల్డు గుండ్ల సగటుతప్పు రెండడుగులకు మించఁగా, విట్‌వర్తు గుండ్ల తప్పు అరయడుగైనను లేదు. 1400 గజముల యొద్ద నెన్‌ఫీల్డు లెక్కకే రాలేదు. విట్‌వర్తు గుండ్లు గుఱినిఁ దాఁకుచునే యుండెను. 1860 జూలైలో వింబిల్డనునందు విక్టోరియా రాణి యీ తుపాకితోనే 400 గజముల గుఱిఁ గొట్టి పోటీల నారంభించెను. గుండు నడిబిందువునకు రెండంగుళముల లోపలనే తగిలెను.

అయినను బ్రిటిషు సేన దానిని గైకొనలేదు. దాని వెల యెన్‌ఫీల్డునకు నాలుగింతలు. అది యొక్కటియే కారణము గాదు. రంధ్రము సన్నమగుటచే మందుమసి త్వరగాఁ బేరుకొని, గొట్టమునోటినుండి గుండు దించుట కష్టమగుచుండెను. పోరునడుమ వడివడిగాఁ గాల్చవలసిన సామాన్యభటునకు గొట్టము తుడుచుకొనుచుఁ గూర్చుండ వ్యవధి యుండదు. అందుచే ఖర్చు చూచి గుణమును ద్రోసిపుచ్చిరని యధికారులను నిందించుట పూర్తిగా న్యాయము కాదు. అమెరికా అంతర్యుద్ధమున దక్షిణపక్షమువారు కొలఁదిసంఖ్యలో విట్‌వర్తు తుపాకులఁ దెప్పించి, గుఱిలో నెగ్గిన భటులకు మాత్రమే యిచ్చిరి. 1864 మే 9న స్పాట్సిల్వేనియాయొద్ద జనరల్ సెడ్జివిక్ అట్టి తుపాకికే బలియయ్యెనని చెప్పుదురు. ఒకే తుపాకి పంక్తిలో నిలిచిన భటునకు భారము, ఏకాంతముగాఁ బొంచియున్న గుఱికానికి వరము. విలువ వస్తువునందు మాత్రమే సమవాయమున నుండు గుణము గాదనియు, వస్తువునకును బ్రయోక్తకును బ్రయోజనమునకును గల సంబంధమును బట్టి తేలునదియనియు నిందుచే స్థిరపడుచున్నది. 1871లో బ్రిటిషు సేన కైకొన్న మార్టినీ-హెన్రీ రైఫిలు రంధ్రము .450 అంగుళము. సన్నరంధ్రమే మేలని విట్‌వర్తు చెప్పినది మందుకూరు పద్ధతి మాఱిన పిమ్మట నంగీకరింపఁబడెను.

పందొమ్మిదవ శతాబ్ది చివరఁ బొగలేని కార్డైటు మందు వచ్చినతోడనే వేఁటరైఫిళ్ల విద్య పరాకాష్ఠ నందుకొనెను. భారతదేశపు రాజులును నవాబులును బ్రిటిషు ఉద్యోగులును లండను, బర్మింగుహాము శిల్పులకు రైఫిళ్లు చేయింప నుత్తరువు లంపిరి. వీనిలో మిక్కిలి వెలగలది జంటగొట్టముల రైఫిలు. దాని వెల దేనికని తఱచి చూచినచో నినుమునకుఁ గాదని తేలును. రెండు గొట్టములను బ్రక్కప్రక్కను సమాంతరముగా నతికించినచో రెండు గుండ్లును రెండు దారులఁ బోవును. కావున గొట్టములనొకింత లోపలికి మొగ్గునట్లమర్చి, కాల్చి, గుఱిపలకను జూచి, యతుకు కరఁగించి, నడిమి చీలను సవరించి, మరల నతికి, మరలఁ గాల్చి, రెండు గుండ్లు నొక్కచోటఁ బడువఱకుఁ జేయవలయును. అనుభవశాలి చేతికిఁ గొలఁది ప్రయత్నములు చాలును. లేనివాని కెన్నియైనను జాలవు. కొయ్యభాగపు నిడివి, వంపు, ప్రక్కవాలు కొన్నవాని భుజమునకును మెడకును గంటికిని సరిపడవలయును. ఇంతవఱకు వెల విలువను వెన్నంటియే నడచును. దాని తరువాత రెక్కమీఁద సింహమును జెక్కుట, బంగారు తీఁగ పొదుగుట వచ్చును. అవి చిత్రకళగా గౌరవింపఁదగినవే. వెల నవి పెంచును. గుండు దారిని మాత్రము వెండ్రుకయంతయు దిద్దవు.

అంత శ్రమతో సవరించిన రైఫిలు విలువ సైతము దేశకాలములకు లోఁబడియే యుండును. కార్డైటు మందు వేఁడిమికిఁ దీవ్రత చెందును. ఇంగ్లండు చలిలో నొక్కచోటఁ బడిన రెండు గుండ్లు మధ్యదేశపు వేసవిలో నట్లే పడవు. గొట్టములోని యొత్తిడియు హద్దు మీఱవచ్చును. అందుచే నుష్ణదేశములకై మందు తగ్గించిన తూటాలు వేఱుగాఁ జేయవలసివచ్చెను. ఏ దేశమున, ఏ ఋతువున, ఏ తూటాతోఁ గాల్చునదియుఁ జెప్పక వెల మాత్రము పంపిన కొనువాఁడు రాజైనను దన రైఫిలు విలువలోఁ గొంత లండనులోనే విడిచినవాఁ డగును. రాజశాసనము సైతము విలువను మాపఁగలదు. సేనలోని పాత తూటాలు తిరుగుబాటుదార్లకుఁ బనికివచ్చునను భయముతో నిరువదవ శతాబ్ది తొలిదశకమున బ్రిటిషు ప్రభుత్వము .450 రంధ్రముగల రైఫిళ్లను భారతదేశమునకుఁ దెచ్చుట నిషేధించెను. శిల్పులు .465, .470, .475 మొదలైన క్రొత్తకొలఁతలు కల్పించుకొనిరి. ఒక్క యుత్తరువుతో .450 రైఫి లీ దేశపు వేఁటకానికి దక్కని వస్తువాయెను. దానిలో నొక్క మరయైనను మాఱలేదు.

జిమ్ కార్బెటు చరిత్రము విలువ కడపటి నెలవెక్కడనో చూపుచున్నది. 1907లోఁ గుమావూఁ బ్రాంతమున నాలుగువందల ముప్పదియాఱుగురిని జంపినదని చెప్పఁబడిన చంపావతు పులి నాతఁడు వేఁటాడెను. చేత .500 రైఫిలును, మూఁడే మూఁడు తూటాలును నుండెను. ఒకటి తప్పెను, రెండు తగిలెను. పులి యింకను నిలిచియుండఁగాఁ దూటాలు ముగిసెను. అప్పు డాతఁడు పరుగెత్తి తహసీలుదారు చేతిలోని పాత తుపాకిని దెచ్చెను. ఆ తుపాకి గొట్టమునకును వెనుక దిమ్మకును నడుమ సందు విచ్చియుండి, కాల్చువానికే ప్రమాదకరముగా నుండెను. ఆ గుండు గుఱితప్పి పులి పాదమునకుఁ దగిలెను. తొలి గాయములతోనే యవసానదశలో నున్న పులి యంతటఁ గూలెను. వెలగల రైఫిలు తూటాలేక మూగవోయినవేళ, వెలలేని, యనఁగా నెవ్వఁడును వెలకట్టని, తుపాకి యక్కఱకు వచ్చెను.

ఆ వీరకృత్యమునకు సంయుక్తరాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూయెటు కార్బెటునకు రిగ్బీ సంస్థవారి .275 రైఫిలును బహూకరించెను. కలకత్తాలోని మాంటను కంపెనీద్వారా కొన్నది. జంటగొట్టములు లేవు, మౌసరు యంత్రముగల తేలిక రైఫిలు. 1930లోఁ జౌగఢు నరభక్షకి యెదురుపడినపు డాతని యెడమచేత పక్షిగ్రుడ్లుండెను. కుడిచేత .275 రైఫిలు మాత్రముండెను. పులి కనులయెదుటనే, కొలఁది యడుగుల దూరమున, ఒక్కచేతితో నెమ్మదినెమ్మదిగా రైఫిలును త్రిప్పి కాల్చి యాతఁడు ప్రాణము దక్కించుకొనెను. రైఫి లంత తేలికగా లేకున్నచో నది సాధ్యముగాదని యాతఁడే వ్రాసినాఁడు. దానికి రెండింతల భారమును, బెక్కింతల వెలయుఁ గల జంటరైఫి లా క్షణమునఁ జేత నున్నచో నాతఁడు కథ చెప్పుటకు మిగిలెడివాఁడు కాఁడు. కార్బెటు 1955లోఁ గెన్యాలో మరణించెను. హ్యూయెటు బహూకరించిన రైఫిలును 2015లో రిగ్బీ సంస్థవారే తిరిగి సంపాదించుకొనిరి. తాము చేసి యమ్మిన వస్తువును శిల్పులు నూఱేండ్లు దాఁటిన పిమ్మట మరల సంపాదించుకొనుట యేమి చూపుచున్నది? తాము దానియందుఁ బెట్టని విలువ నింకొకఁడు పెట్టెనని యంగీకరించుటయే.

ఈ చరిత్రలన్నిటిని జూడఁగా మూల్యశబ్దపు రెండర్థములలో రెండవదే కష్టసాధ్యమని తేలుచున్నది. వెల యొక్కనాఁటి మాట, చెల్లించిననాఁడే ముగియును. సమఫలము మాత్రము కొనుటకు ముందు పరీక్షతోను, కొన్నపిమ్మటఁ బ్రయోగముతోను గాని తేలదు. ఇనుము పుట్టినచోటును బనివాని పేరును జెక్కించిన చక్రవర్తియు, కొలిమియొద్దఁ ద్రాసు పట్టిన వర్తకుఁడును, ఒక్కచేత నిమిడిన రైఫిలుతో బ్రదికిన వేఁటకాఁడును నా పరీక్షలో నెగ్గినవారు. పరీక్షింపనేర్చిన కొనువాఁ డున్నంతకాలము శిల్పి తన చేతిని జంపుకొనఁడు. అతఁడు తొలఁగిపోయినచో నెట్టి శిల్పమునకైనను, గోనసముద్రపుఁ గొలుములకుఁ బోలె, దిబ్బలే మిగులును.